వరస మనం కలుపుకుంటే సరిపోతుందా? – ఇతర జాతుల ప్రజలతో బంధుభావం గురించి

ఒంటరి బాటసారి (చర్చను ప్రారంభించినవారు)

సభ్యులకు నమస్కారం. ఎన్నాళ్లుగానో మనసులో నలుగుతున్న విషయాన్ని మీ ముందు పెడుతున్నాను. యూరప్‌లో నివసించే రోమా ప్రజలంటే నాకు ఇరవై ఏళ్లుగా చెప్పలేనంత ఆత్మీయత. వారి పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల క్రితం భారత ఉపఖండం నుంచి పడమటికి తరలివెళ్లారని మొదటిసారి చదివిన రోజున, ఎప్పుడో ఇల్లు విడిచి వెళ్లిన పెద్దాయన జాడ తెలిసినట్లు అనిపించింది. నీటిని ‘పానీ’ అనీ, చెవిని ‘కాన్’ అనీ, మనిషిని ‘మనుష్’ అనీ వారు నేటికీ అంటారని తెలిశాక ఆ భావన మరింత బలపడింది. రోమానీ భాషకు భారతీయ భాషలతో ఉన్న సంబంధాన్ని జర్మన్ పండితుడు రూడిగర్ 1782లోనే చూపించాడని, 1971 ఏప్రిల్‌లో లండన్ సమీపంలో జరిగిన తొలి ప్రపంచ రోమా మహాసభ స్వీకరించిన జెండా మధ్యలో పదహారు ఆకుల చక్రం ఉందని చదివి పొంగిపోయాను.

నేను పనిచేసే చోటికి గత ఏడాది ఒక రోమా సహోద్యోగి వచ్చారు. పరిచయమైన రెండో వారంలోనే నా సంతోషమంతా ఆయన ముందు కుమ్మరించాను. మన ఇద్దరిదీ ఒకే మూలమని, మనం దూరమైన చుట్టాలమని అన్నాను. ఆయన ఓపికగా విని, చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అడిగారు: “అద్దె ఇంటి కోసం వెళ్లినప్పుడు నా పేరు వినగానే తలుపు వేసేస్తారు. ఆ తలుపు వెనుక ఉన్నది మీరే అయితే, ఈ చుట్టరికం అప్పుడు కూడా గుర్తుకొస్తుందా?” ఆ మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువగా గుచ్చుకుంది.

పుట్టుకతో గాని పెంపకంతో గాని సంబంధం లేని ప్రజల పట్ల మనలో కలిగే ఈ బంధుభావం ఎక్కడి నుంచి వస్తుంది? దానికి విలువ ఉందా, లేక మన ఊహను మనమే ప్రేమించుకోవడమా? మీలో ఎవరికైనా ఇటువంటి అనుభవం ఉంటే దయచేసి వివరంగా రాయండి.

పదమూలం

బాటసారి గారూ, మీ సహోద్యోగి అడిగినదానికి జవాబు చెప్పగలవారు మీరొక్కరే. భాష వైపు నుంచి మాత్రం నేను ఒక మాట చెప్పగలను. రోమానీలో అంకెలు లెక్కపెట్టి చూడండి. యెఖ్, దుయ్, త్రిన్, శ్తార్, పంజ్, శోవ్. ఇంతవరకు మీకు చుట్టాల ఇంట్లో తిరుగుతున్నట్లే ఉంటుంది. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఎఫ్తా, ఎనిమిదికి ఓఖ్తో, తొమ్మిదికి ఎన్యా. ఈ మూడూ గ్రీకు మాటలు. పదికి మళ్లీ దేశ్. దారిని ‘ద్రోమ్’ అంటారు, అదీ గ్రీకే. అదృష్టానికి ‘బఖ్త్’ అంటారు, అది పారశీకం.

గ్రీకు మాట్లాడే బైజాంటైన్ సామ్రాజ్యంలో తరాల తరబడి నివసించకపోతే ఒక భాషలోని అంకెల వరుస మధ్యలోకి మూడు గ్రీకు అంకెలు వచ్చి కూర్చోవు. ఆ తరువాత వారు యూరప్ అంతటా విస్తరించారు. నేటి రొమేనియా ప్రాంతంలోని వలేకియా, మొల్దావియా సంస్థానాల్లో శతాబ్దాల పాటు బానిసలుగా ఉన్నారు, ఆ బానిసత్వం పూర్తిగా రద్దయింది 1850లలో మాత్రమే. ‘మీరు మా వాళ్లు’ అని మనం అన్నప్పుడు ఒకటి నుంచి ఆరు వరకు మనవిగా చెప్పుకుని, ఏడు, ఎనిమిది, తొమ్మిదిని వదిలేస్తున్నాం. వారి జీవితంలో ఎక్కువ భాగం ఆ మూడు అంకెల వైపే ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి, నొచ్చుకోవద్దు. మీరు ఆలోచించేది తెలుగులో. తెలుగు ద్రావిడ భాష, రోమానీ ఇండో-యూరోపియన్ కుటుంబంలోని ఇండో-ఆర్య శాఖకు చెందినది. భాషా కుటుంబమే కొలమానమైతే రోమానీకి తెలుగు కంటే గ్రీకే దగ్గరి చుట్టం. మీకు కలిగిన ఆత్మీయత అబద్ధమని నేను అనడం లేదు. అది పుట్టిన చోటు మాత్రం మీరు అనుకుంటున్న చోటు కాకపోవచ్చు.

నావికుడు

నేను ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో పనిచేసి విరమించుకున్నాను. ఒక ప్రయాణంలో మా సిబ్బందిలో ఫిలిప్పీన్స్ వారు పదిమంది వరకు, మడగాస్కర్ నుంచి ఒకే ఒక్క కుర్రవాడు ఉన్నారు. అతడికి ఆంగ్లం అంతంత మాత్రమే. మొదటి నెలంతా పని ముగియగానే ఒంటరిగా వెనుక డెక్ మీద కూర్చునేవాడు. ఒక సాయంత్రం వాన పట్టుకుంది. అతడు చెయ్యి చాపి, తనలో తాను ‘ఊరన’ అన్నాడు. పక్కనే తాళ్లు చుడుతున్న ఫిలిప్పీన్స్ నావికుడు తలెత్తి చూశాడు. అతడి తగలోగ్ భాషలో వానను ‘ఉలన్’ అంటారు.

ఆ రాత్రి వాళ్లిద్దరూ ఒక పాత సరుకు పట్టీ వెనుక వైపు రెండు నిలువు గీతలు గీసుకుని మాటలు రాయడం మొదలుపెట్టారు. రాయికి ఇక్కడ ‘బతో’ అయితే అక్కడ ‘వతు’. ఆకాశానికి ‘లంగిత్’, ‘లనిత్ర’. చంద్రుడికి ‘బువన్’, ‘వులన’. మూడుకి ‘తత్లో’, ‘తెలు’. నాలుగుకి ‘ఆపత్’, ‘ఎఫత్ర’. ఐదుకి ‘లిమ’, ‘దిమి’. ఆరుకి ‘ఆనిమ్’, ‘ఎనిన’. ఒక్కొక్క జత కుదిరినప్పుడల్లా చుట్టూ చేరినవాళ్లు బల్ల మీద అరచేత్తో చరిచేవాళ్లు. కుదరని మాటలు కూడా చాలానే వచ్చాయి. వాటిని కొట్టివేయకుండా పక్కనే సున్నా చుట్టి ఉంచమని ఆ కుర్రవాడు పట్టుబట్టడం నాకు బాగా గుర్తుంది.

తీరం చేరాక నేను పుస్తకాలు వెతికి తెలుసుకున్నాను. మడగాస్కర్ ఆఫ్రికా పక్కనే ఉన్నా, అక్కడి మలగాసీ భాషకు అతి దగ్గరి భాష బోర్నియో ద్వీపంలోని మాన్యాన్ అని నార్వే పండితుడు ఒట్టో దాల్ 1951లో నిరూపించాడు. మధ్యలో ఉన్నది యావత్తు హిందూ మహాసముద్రం. అయితే మలగాసీ ప్రజల పూర్వీకుల్లో ఆగ్నేయాసియా వారితో పాటు తూర్పు ఆఫ్రికా వారూ ఉన్నారు, వారి భాషలో ఆఫ్రికాకు చెందిన బంటూ భాషల మాటలూ ఉన్నాయి. అంటే ఆ సున్నాలు చుట్టిన మాటల్లో కొన్నింటికి మరో వైపు చుట్టాలున్నారు.

బాటసారి గారు అడిగిన ‘విలువ ఉందా’ అన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఒకటే. ఆ రాత్రి తరువాత ఆ కుర్రవాడు మళ్లీ డెక్ మీద ఒంటరిగా కూర్చోలేదు.

హేమంత

ఇప్పటిదాకా అందరూ భాష గురించే మాట్లాడారు. ఒక్క మాట కూడా కలవని ఇద్దరి మధ్య ఏర్పడిన చుట్టరికం గురించి నేను రాస్తాను.

అమెరికాలోని చొక్తా అనే ఆదివాసీ ప్రజలను 1830 నాటి తరలింపు చట్టం కింద వారి సొంత నేల నుంచి వెళ్లగొట్టారు. 1831 నుంచి మూడు చలికాలాల పాటు వారు మిసిసిపీ నది దాటి పడమటికి నడిచారు. చలి, ఆకలి, కలరా వల్ల దారిలోనే వేలాది మంది చనిపోయారు. మిగిలినవారు కొత్త చోట ఇంకా కుదురుకుంటున్న కాలంలో, 1847 మార్చిలో, సముద్రం అవతల ఐర్లాండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లిపోయి జనం ఆకలితో చనిపోతున్నారన్న వార్త వారికి చేరింది. స్కల్లీవిల్ అనే చోట సమావేశమై, 170 డాలర్లు పోగుచేసి పంపించారు. వారు ఐర్లాండ్‌ను ఎన్నడూ చూడలేదు. వారికి తెలిసింది ఆకలి, ఇల్లు వదిలి నడవడం మాత్రమే.

ఐరిష్ ప్రజలు దానిని మరచిపోలేదు. కార్క్ కౌంటీలోని మిడిల్టన్ పట్టణంలో 2017లో ఒక స్మారకాన్ని ఆవిష్కరించారు. తొమ్మిది ఉక్కు ఈకలు నిలువెత్తున వలయంగా నిలబడి, ఖాళీ గిన్నె ఆకారాన్ని తలపిస్తాయి. 2020లో మహమ్మారి అమెరికాలోని నవహో, హోపీ ఆదివాసీ ప్రజలను తీవ్రంగా దెబ్బతీసినప్పుడు ఐర్లాండ్ నుంచి వేలాది మంది విరాళాలు పంపుతూ, చొక్తాలు ఆనాడు చేసిన సాయానికి బదులుగా ఇస్తున్నామని రాశారు. ఇచ్చింది చొక్తాలు, తిరిగి అందుకున్నది నవహోలు, హోపీలు. ఈ లెక్క ఏ ఖాతాలోనూ కుదరదు, నాకు మాత్రం ఇందులో అన్నిటికంటే నచ్చేది అదే.

ఈ కథను తీపిగా ముగించడానికి మనసు ఒప్పుకోవడం లేదు, ఎందుకంటే ఆ తరలింపు చట్టం మీద సంతకం చేసిన అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఐర్లాండ్ ఉత్తర ప్రాంతం నుంచి వలస వచ్చిన దంపతుల కొడుకు. 170 డాలర్లు పోగుచేసినవారికి తమను వెళ్లగొట్టిన మనిషి పేరు తెలియకుండా ఉండదు. ఆ మనిషినీ, ఆకలితో ఉన్న జనాన్నీ వారు ఒకే గాటన కట్టలేదు.

నిలకడ

మీ అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. అయినా ఈ చర్చ ఒకే వైపుకు ఒరిగిపోతోందని నాకు భయంగా ఉంది. ‘వారు మా చుట్టాలు’ అన్న మాట చరిత్రలో ఎంతో నష్టం కూడా చేసింది.

ఫిన్నిష్, ఎస్టోనియన్, కరేలియన్ భాషలు ఒక కుటుంబానివి. ఆ బంధుత్వాన్ని పాటగా, కవితగా పాడుకున్నంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. 1918 నుంచి 1922 వరకు ఫిన్లాండ్ స్వచ్ఛంద సైనికులు బంధుజాతులను విముక్తం చేస్తామంటూ సరిహద్దు దాటి రష్యా వైపున ఉన్న తూర్పు కరేలియా మీదికి వెళ్లారు. ఆ దాడులకు ఫిన్నిష్‌లో ‘బంధుజాతుల యుద్ధాలు’ అన్న అర్థం వచ్చే పేరే ఉంది. ఎస్టోనియాకు వెళ్లినవారు అక్కడి ప్రజల స్వాతంత్ర్య సమరానికి నిజంగా తోడ్పడ్డారు, అది ఒప్పుకోవాలి. కరేలియాలో మాత్రం చాలామంది గ్రామస్థులు ఈ ‘విముక్తి’ని కోరలేదు.

1941లో ఫిన్లాండ్ సైన్యం తూర్పు కరేలియాను ఆక్రమించినప్పుడు అక్కడి జనాన్ని రెండుగా విడదీసింది. ఫిన్నిష్‌కు దగ్గరి భాషలు మాట్లాడేవారు బంధువులు, రష్యన్ మాట్లాడేవారు పరాయివారు. బంధువులకు బడులు, మెరుగైన రేషన్. పరాయివారిలో వేలాది మందికి, పిల్లలతో సహా, పెత్రోజవోద్స్క్ నగరంలోనూ చుట్టుపక్కల ముళ్లకంచెల శిబిరాలు. ఆ శిబిరాల్లో వేలాది మంది ఆకలితో, జబ్బులతో చనిపోయారు. ఒకే వీధిలో తరాలుగా ఇరుగుపొరుగుగా బతికినవారిని విడదీసింది ద్వేషం ఒక్కటే కాదు. చుట్టరికం పేరుతో తయారైన జాబితా వారిని విడదీసింది. ఒకరిని దగ్గరికి తీసుకునే ప్రతి గీతా ఇంకొకరిని బయట ఉంచుతుంది.

అవతలి వైపు చిక్కు కూడా చూడండి. హంగేరియన్ భాష ఉత్తర యూరప్ కొసన ఉండే సామీ ప్రజల భాషకూ, ఫిన్నిష్‌కూ చుట్టమని పండితులు చెప్పినప్పుడు హంగేరీ పెద్దమనుషులు చాలామంది మండిపడ్డారు. యోధులైన హూణులు, తురుష్కులు తమ బంధువులని నమ్మినవారికి ఉత్తరాది జాలరులతో వరస కలపడం అవమానంగా తోచింది. ‘చేపల కంపు చుట్టరికం’ అని ఈసడించారు. మనం కూడా బంధువులను ఎంచుకునేటప్పుడు ఇదే చేస్తున్నామేమో చూసుకోవాలి. ఘనమైన ప్రజలతోనో, సంగీతం, సాహసం పేరు చెప్పి ఆకర్షించే ప్రజలతోనో వరస కలుపుకోవడానికి అందరం ముందుంటాం.

ఒంటరి బాటసారి

నిలకడ గారూ, చివరి వాక్యం నన్ను ఉద్దేశించి రాయకపోయినా నాకే తగిలింది. రోమాల గురించి నేను సేకరించుకున్నదంతా సంగీతం, సంచారం, చక్రం. వారిలో అత్యధికులు తరాలుగా ఒకే చోట స్థిరపడి ఉన్నారని, సంచారం చాలా చోట్ల ఇష్టంతో కాక తరిమివేతలతో జరిగిందని నాకు తెలిసి కూడా పక్కన పెట్టాను. పదమూలం గారు చెప్పిన గ్రీకు అంకెలను రాసుకుని మేజా మీద ఉంచుకున్నాను.

అయినా ఒక సందేహం మిగిలింది. ఈ భావన ఇంత ప్రమాదకరమైతే దానిని మొదలంటా తీసేసుకోవాలా? అది లేకపోతే నేను ఆ మనిషితో పలకరింపుకు మించి మాట్లాడి ఉండేవాడినే కాదు.

పదమూలం

తీసేసుకోవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. నిలకడ గారు హంగేరియన్ ప్రస్తావన తెచ్చారు కాబట్టి, నన్ను చాలాకాలంగా ఆకట్టుకుంటున్న ఒక సంగతి చెబుతాను.

1769 జూన్ 3న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటింది. దానిని కొలిచేందుకు భూమి నలుమూలలకూ మనుషులు వెళ్లారు. యానోష్ షైనోవిచ్ అనే హంగేరియన్ క్రైస్తవ సన్యాసి తన గురువైన ఖగోళవేత్తతో కలిసి నార్వే ఉత్తర కొసన ఉన్న వార్డో ద్వీపానికి చేరాడు. ఆకాశం చూడడానికి వెళ్లినవాడు అక్కడి సామీ ప్రజల మాటలు విని, వాటికీ తన మాతృభాషకూ పోలికలు గమనించి, 1770లో ఆ బంధుత్వం మీద గ్రంథం ప్రచురించాడు. అదే శుక్రగ్రహం కోసం కెప్టెన్ కుక్ ఓడ తాహితీకి వెళ్లింది. ఓడ అక్కడి నుంచి బయలుదేరేటప్పుడు తుపాయా అనే నావికవిద్యా పండితుడు ఆ ఓడ ఎక్కాడు. అక్టోబర్‌లో ఓడ న్యూజిలాండ్ చేరింది. తుపాయా తన భాషలో మాట్లాడితే తీరాన ఉన్న మావోరీలకు అర్థమైంది. వేల కిలోమీటర్ల సముద్రం, శతాబ్దాల ఎడబాటు మధ్యలో ఉన్నా ప్రేమను ఇద్దరూ ‘అరోహ’ అనే అంటారు.

ఆ మాట కలవడానికి ముందు రోజే ఓడవారి తుపాకీ గుండుకు ఒక మావోరీ చనిపోయాడు. మాట కలిసిన రోజున కూడా కాల్పులు ఆగలేదు. అయినా నాలుగేళ్ల తరువాత కుక్ మళ్లీ వచ్చినప్పుడు మావోరీలు అడిగింది తుపాయా గురించే. అతడు 1770 చివరలో బటావియాలో (నేటి జకార్తా) మరణించాడని తెలిసి దుఃఖించారు. ఓడ ఎవరిదైనా, వారికి అందులో వచ్చిన చుట్టం ఒక్కడే.

వెన్నెలదారి

నాకు పందొమ్మిదేళ్ల వయసులో ఉత్తర అమెరికా ఆదివాసుల పట్ల విపరీతమైన అభిమానం ఉండేది. వారి భాషలోనిదని ఎక్కడో చదివిన ఒక పేరు నాకు నేనే పెట్టుకున్నాను. ఉత్తరాల కింద ఆ పేరే సంతకం చేసేదాన్ని. ఒక సదస్సులో ఆ ప్రజలకే చెందిన పెద్దావిడ నా పేరు చదివి, “ఈ పేరు నీకు ఎవరు ఇచ్చారమ్మా?” అని అడిగారు. నేనే ఎంచుకున్నానని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, తల ఊపి పక్కవారితో మాట్లాడడం మొదలుపెట్టారు. వారిలో పేరు అనేది పెద్దలు ఇచ్చేది, దానితో పాటు కొన్ని బాధ్యతలూ వస్తాయి అన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు ఆమె కోప్పడినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తరువాత గ్రే ఔల్ జీవితం చదివాను. 1930లలో ఆయన కెనడా అడవుల గురించీ బీవర్ అనే నీటి జంతువుల రక్షణ గురించీ రాసి, ఉపన్యసించి ఎంతో పేరు పొందాడు. తాను సగం ఆదివాసినని చెప్పుకున్నాడు. 1938లో ఆయన మరణించిన వెంటనే అసలు సంగతి పత్రికల్లో వచ్చింది. ఆయన ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో పుట్టిన ఆర్చిబాల్డ్ బెలానీ. ఆయనకు అడవిపై ఉన్న ప్రేమ బూటకం కాదు. కాని ఓజిబ్వే ఆదివాసుల భాషనూ వేట విద్యనూ ఆయనకు నేర్పినది ఏంజెల్ ఎగ్వునా అనే ఓజిబ్వే స్త్రీ, ఆయన మొదటి భార్య. ఆమెనూ కూతురినీ వదిలి వెళ్లిపోయాడు. ఉచ్చులు పెట్టడం మానేలా చేసినది అనహరెయో అనే మొహాక్ స్త్రీ. లోకం వినడానికి సిద్ధపడింది మాత్రం వేషం వేసుకున్న మనిషి గొంతునే. చుట్టమని చెప్పుకోవడానికీ, వారి స్థానంలో కూర్చోవడానికీ మధ్య ఉన్న గీత ఎక్కడుందో నాకు అప్పుడు కనిపించింది.

చిరుగాలి

ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలనిపించింది. మన భాషలో ‘వరస’ అన్న మాటకు రెండు కొసలున్నాయి. ఒకరిని బాబాయి అని పిలిచిన మరుక్షణం మనం కొడుకు వరస అయిపోతాం. ఆయన వచ్చినప్పుడు లేచి నిలబడవలసింది మనమే.

నావికుడు

చిరుగాలి గారి మాటకు నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. నావికులెవరూ మరచిపోలేనిది.

హవాయి ప్రజలు 1970లలో తమ పూర్వీకుల పద్ధతిలో హోకులేఅ అనే జంట పడవను నిర్మించుకున్నారు. అయితే నక్షత్రాలను, అలల తీరును, పక్షుల రాకపోకలను చూసి దారి తీసే విద్య తెలిసినవారు హవాయిలో ఎవరూ మిగలలేదు. మైక్రోనేసియాలోని సతవాల్ అనే చిన్న ద్వీపం నుంచి మావ్ పియాయిలుగ్ వచ్చాడు. ఆయన హవాయి, తాహితీ ప్రజల్లా పాలినేషియన్ కాదు, ఆయన భాష హవాయి వారికి అర్థం కాదు. 1976 మే 1న మావుయి ద్వీపం నుంచి బయలుదేరి, దిక్సూచి గాని పటం గాని లేకుండా నెల రోజులకు పైగా నడిపి ఆ పడవను తాహితీ చేర్చాడు. పపీతె రేవులో సుమారు 17,000 మంది ఎదురువచ్చారని ఆనాటి అంచనా. ఒకప్పుడు ఒకే ఇంటివారైన హవాయి, తాహితీ ప్రజలను మళ్లీ కలిపింది మూడో ద్వీపం మనిషి.

ఆ విద్య అయినవారికే చెప్పాలన్నది అక్కడి నియమం. పరాయివారికి నేర్పినందుకు మావ్ సొంతవారి విమర్శ భరించాడు. తన ద్వీపంలోని యువకులు ఈ విద్యకు దూరమవుతున్నారని, ఎవరో ఒకరి చేతిలో పెట్టకపోతే అది తనతోనే పోతుందని ఆయన బాధ. ఆయన దగ్గర నేర్చుకున్న నైనోవా థాంప్సన్ 1980లో తానే దారి తీసి హవాయి నుంచి తాహితీకి వెళ్లి తిరిగి వచ్చాడు. 2007లో హవాయివారు ‘అలిన్గానో మైసు’ అనే పడవను కట్టి, సముద్రం మీదుగా నడుపుకుంటూ సతవాల్‌కు తీసుకువెళ్లి గురువుకు అప్పగించారు. ఆ సందర్భంలో మావ్ ఐదుగురు హవాయి శిష్యులకూ తన ప్రాంతంవారికీ కలిపి నావికవిద్యా దీక్ష ఇచ్చాడు. మూడేళ్లకు ఆయన కన్నుమూశాడు. హవాయివారు తమను తాము మైక్రోనేసియన్లమని ఎక్కడా చెప్పుకోలేదు. నేర్పినవాడి పేరు చెప్పారు, పడవ కట్టి ఇచ్చారు.

దూరతీరం

పదమూలం గారు అంకెలతో మొదలుపెట్టారు కాబట్టి నేనూ అంకెలతోనే వస్తాను. బలూచిస్తాన్‌లోని బ్రాహుయి భాష ద్రావిడ కుటుంబానిదని విన్నప్పుడు బాటసారి గారికి కలిగినటువంటి పులకింతే నాకు కలిగింది. ఒకటికి ‘అసిట్’, రెండుకి ‘ఇరట్’, మూడుకి ‘ముసిట్’. కంటికి ‘ఖన్’, రాయికి ‘ఖల్’, ఎదుటి మనిషికి ‘నీ’. ఇరుగుపొరుగున ఒక్క ద్రావిడ భాష కూడా లేని చోట ‘నీ’ అని పిలుస్తున్నారని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నాలుగు నుంచి మాత్రం ఇరానీ భాషల అంకెలే. అంటే మూడు దాటితే మా చుట్టరికం ఆగిపోతుంది. బ్రాహుయి మాట్లాడేవారిలో చాలామంది తమను బలోచీలుగానే చెప్పుకుంటారు. 17వ శతాబ్దం నుంచి కలాత్ రాజ్యాన్ని ఏలిన ఖాన్‌ల వంశం బ్రాహుయి మూలాలు గలదే, అయినా ఆ రాజ్యాన్ని బలోచీల రాజ్యమనే అందరూ అన్నారు. వారు ఆదినుంచీ అక్కడే ఉన్నారా, తరువాత దక్షిణం నుంచి వెళ్లారా అన్న విషయంలో పండితులు నేటికీ ఏకీభవించలేదు.

‘తప్పిపోయిన ద్రావిడులు’ అని వారిని పిలవడం కొన్నేళ్ల క్రితం మానేశాను. వారు ఎక్కడా తప్పిపోలేదు, తమ ఇంట్లో తాము ఉన్నారు. ‘నీ’ అన్న మాట మీద ప్రేమ నాకు ఏమాత్రం తగ్గలేదు. దాన్ని అడ్డం పెట్టుకుని వారికి కొత్త పేరు పెట్టే పని మాత్రం నాది కాదనిపించింది.

ఒంటరి బాటసారి

మీ అందరికీ కృతజ్ఞతలు. పదిహేను రోజుల తరువాత మళ్లీ రాస్తున్నాను.

సోమవారం మధ్యాహ్నం ఆ సహోద్యోగి దగ్గరికి వెళ్లి, మొదటి రోజు నేను మాట్లాడిన తీరుకు క్షమాపణ చెప్పాను. ఇల్లు దొరికిందా అని అడిగాను. మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అది. ఇంకా దొరకలేదు. నాకు తెలిసిన ఇంటి యజమాని ఒకరున్నారని, నేను స్వయంగా వెంట వస్తానని, అవసరమైతే హామీ పత్రం మీద సంతకం చేస్తానని చెప్పాను. గురువారం ఇద్దరం కలిసి వెళ్లాం. యజమాని నావైపే చూస్తూ ఆయన గురించి ప్రశ్నలు అడిగారు. ప్రతి ప్రశ్ననూ ఆయన వైపు మళ్లించడం తప్ప నేను చేసిందేమీ లేదు. గంటసేపట్లో నాకు చెమటలు పట్టాయి. ఆయన మాత్రం ఇదంతా అలవాటైనట్లు నిలబడ్డారు. ఇల్లు కుదిరింది.

తిరిగి వస్తూ, ఏడు, ఎనిమిది, తొమ్మిది మీ ఇంట్లో ఎలా పలుకుతారని అడిగాను. ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా అని చెప్పి, నా ఉచ్చారణను రెండుసార్లు దిద్దారు. ఇవే ఎందుకు అడుగుతున్నానని ఆశ్చర్యపోయారు. అందరూ ‘పానీ’ గురించే అడుగుతారట. వాళ్ల ముత్తాత తోబుట్టువుల్లో ఇద్దరు నాజీల ఔష్విట్జ్ నిర్బంధ కేంద్రంలోని రోమా కుటుంబాల శిబిరంలో ఉండేవారని ఆయన అప్పుడు చెప్పారు. 1944 ఆగస్టు 2 రాత్రి అక్కడ మిగిలి ఉన్న నాలుగు వేల మందికి పైగా వృద్ధులను, స్త్రీలను, పిల్లలను గ్యాస్ గదులకు పంపారు. యూరోపియన్ పార్లమెంటు 2015లో ఆ తేదీని రోమా నరమేధ స్మారక దినంగా గుర్తించేవరకు తమ ఇంట్లోవారు, మరికొన్ని కుటుంబాలు కలిసి తమలో తామే ఆ రోజును తలచుకునేవారట.

ఈ ఏడాది తమ కుటుంబం వెళ్లే స్మరణ సభకు నన్నూ రమ్మన్నారు. ఉపన్యాసం ఏదైనా సిద్ధం చేసుకోవాలా అని అడిగాను. అక్కరలేదు, పేర్లు చదివేంతసేపు మాతో నిలబడితే చాలు అన్నారు. ఆగస్టు 2కు సెలవు పెట్టాను.